ముప్పై నాలుగు సున్నాల మనిషి

శంషాబాద్,
ఫిబ్రవరి 10.

పసుపు డబ్బా మేడం రేవతి గారికి, చర్చి వెనుక ఇంటి మత్తయ్య వందనములు చేసి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీరు ఎటువంటివారో తెలిసినాక మీ క్షేమం అడుగుతాను.

నేను బడికి పోలేదు. బైబిలు చదివేటందుకు అక్షరాలు నేర్చుకున్నాను, ఆ అక్షరాలతోనే వ్రాస్తున్నాను. తప్పులుంటే సరిచేసుకొని చదవండి. ఫోన్ చేయరాదా అంటారు. ఫోన్ల మాట్లాడింది గాలికి పోతది, నడుమ ఎవరు వింటరో తెల్వదు. కాగితం మీద ఉన్నది రేపు ఎవరూ కాదనరాదు.

పోయిన మంగళవారం మీరు మా చర్చి ఆవరణలో డబ్బా మోసుకొని నాగలి తోలినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగినారు. బోరు పాయింటు చూస్తున్నారని సెక్రెటరీ ప్రేమ్ రాజ్ చెప్పినాడు. అమ్మా, ఇక్కడ బోరు పాయింటు చూసేది నేను. నలభై ఏండ్ల నుంచి కొబ్బరికాయను అరచేతిలో పండబెట్టుకొని నడుస్తున్నాను. కింద నీళ్ళుంటే కాయ లేచి నిలబడుతుంది. మా కాలనీలో ఏ ఇంటి బోరునన్నా అడగండి, నా పేరే చెప్తది. నేను పోతే ముందు కుర్చీ వేసి తరువాత మాట మొదలుపెడతారు.

ఈసారి నన్ను ఎవరూ పిలవలేదు. అయినా మీకంటే ఒక దినం ముందు, సోమవారమే, కాయ పట్టి పాయింటు పెట్టినాను. పాస్టరయ్య వచ్చి "చర్చిల కొబ్బరికాయ ఏంది మత్తయ్యా" అని గులిగినాడు. "కొట్టేటందుకు కాదయ్యా, పట్టేటందుకు. ఆఖరుకు చట్నీకే పోతది" అన్నాను. మోషే బండను కొట్టి నీళ్ళు తీసిన దినం ఏ డబ్బా తెచ్చిండు? కట్టె తెచ్చిండు.

మంగళవారం ఆ పాయింటు మీదనే కుర్చీ వేసుకొని కావలి కూర్చున్నాను. మీరు వచ్చి "పెద్దాయన గారూ, ఇనప కుర్చీ కదా, కొంచెం పక్కకు జరుగుతారా అండీ" అన్నారు. జరిగినాను. నేను కూర్చున్న వెచ్చదనం ఆరకముందే అక్కడ డబ్బా పెట్టి, తల ఊపి, సున్నంతో గుర్తు వేసినారు. నా పాయింటు మీద మీ సున్నం!

డబ్బాలో ఏముంది అని ప్రేమ్ రాజ్ ను అడిగితే "విద్యుదయస్కాంత తరంగాలు తాతా" అన్నడు. అంత మాట పలికేసరికి వానికే దమ్ము వచ్చింది. మునుపు మూడు కాళ్ళ దుర్భిణి పట్టుకొని ఒకాయన గిట్లనే వచ్చి, అందరి ఇండ్లల్ల ఛాయ్ తాగి, నవ్వుకుంట పోయినాడు. నెల తిరిగేసరికి పొలాల్లో రాళ్ళు పాతి ఉన్నయి. ఇప్పుడు ఆ పొలాల మీద విమానాలు దిగుతున్నాయి. మీరు చూసింది నీళ్ళనా, జాగానా? చర్చికి ఉన్నది ఒక్క బోరుకు సరిపోయే శక్తి. రేపు నీళ్ళు పడితే అది ఎవరి పాయింటు అని ఊరు అడుగుతది. జవాబు వ్రాయండి.

ఇట్లు,
మత్తయ్య (నీళ్ళ మత్తయ్య అంటే ఎవరైనా చూపిస్తారు)

తా.క. మీరు ఛాయ్ తాగిన స్టీలు గ్లాసు మీ వెంట వచ్చినట్టున్నది. నా భార్య సీతమ్మ ఆ గ్లాసు లేక అన్నం కూడా తినడం లేదు. వెంటనే పంపండి. తిప్పి చూడవలసిన పని లేదు.

*

బడంగ్‌పేట్,
ఫిబ్రవరి 13.

గౌరవనీయులైన మత్తయ్య గారికి రేవతి నమస్కారాలు.

మిమ్మల్ని అడగకుండా మీ చోట గుర్తు పెట్టినందుకు క్షమించండి. మీరు అక్కడ ముందే పాయింటు పెట్టారని నాకెవరూ చెప్పలేదు. నాది భూగర్భ జలాలు చూసే చిన్న ఆఫీసు. విమానాశ్రయంతో గానీ, ఎవరి స్థలాలతో గానీ మాకు సంబంధం లేదు.

నా డబ్బాలో రెండు తీగ చుట్టలు ఉంటాయి. మొదటిది భూమిలోకి ఒక అల పంపుతుంది. కింద తడి మట్టో లోహమో ఉంటే, ఆ అల తగలగానే అది తన వంతుగా ఒక చిన్న అల తిరిగి పంపుతుంది. రెండో చుట్ట దాన్ని వింటుంది. బావిలోకి కేకేస్తే జవాబు వచ్చినట్టు. వెలుగు, రేడియో, ఫోను, విమానాల రాడారు అన్నీ ఈ కుటుంబంలోవే. అందుకే మీ ఇనప కుర్చీ జరపమన్నాను. క్షమించండి.

మీ కొబ్బరికాయ గురించి మాత్రం ఉన్నమాట రాయాలి. మనిషి చేతి నుంచి బయలుదేరి నీటి దాకా వెళ్ళి వచ్చే అల ఏదీ లేదు. పెద్దవారు, క్షమించండి.

ఇట్లు,
మీ విధేయురాలు రేవతి

తా.క. అబద్ధం రాయకూడదు కాబట్టి ఇంకో మాట. కదిలే ప్రతి పదార్థానికీ ఒక తరంగం ఉంటుంది, దాన్ని ద్రవ్య తరంగం అంటారు. ఆ మాటకొస్తే మీకూ ఉంది, మీ కొబ్బరికాయకూ ఉంది. అయితే దానికీ నీళ్ళకూ ఏ సంబంధమూ లేదు.

మీ గ్లాసు మిషను పెట్టె అడుగున దొరికింది. ఎలా వచ్చిందో మరి! భద్రంగా ఉంచాను.

*

శంషాబాద్,
ఫిబ్రవరి 17.

రేవతి మేడంకు మత్తయ్య వందనములు. ఉత్తరం అందినది.

ఒకే ఉత్తరంలో మూడుసార్లు క్షమించండి అని ఉన్నది. తప్పు చేయనివాళ్ళు అన్నిసార్లు అడగరు. అది పక్కన పెట్టినాను.

మీ తాజా కలం నిన్న ఆదివారం ఆరాధన అయినాక, ప్రకటనల సమయంలో, నిలబడి చదివినాను. "మత్తయ్యకు తరంగం కలదు, చదువుకున్న మేడం సంతకం" అని గట్టిగా చెప్పినాను. నీళ్ళకు సంబంధం లేదనే వాక్యం దగ్గర కాగితం మడత పడి ఉన్నది. ఆ మడత నేను విప్పలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె "అందుకేనా మా ఇంటి బోరు ఎండాకాలం కూడా పోస్తది" అన్నది. ప్రేమ్ రాజ్ ముఖం చూడవలసింది.

ఇప్పుడు నాకు అంతా సమజైంది. నేను రెండు గంటలు ఆ జాగాలో కూర్చున్నాను. నా తరంగం అక్కడ మట్టికి పట్టి ఉన్నది. మీరు నన్ను లేపి, అది ఆరకముందే డబ్బా పెట్టి పట్టుకున్నారు. మీ డబ్బా కనిపెట్టింది నీళ్ళను కాదు, నన్ను. లేకపోతే ఇంత ఆవరణలో సరిగ్గా నేను కూర్చున్న జానెడు జాగాలోనే ఎట్ల మోగింది?

ఇంకొకటి. రాడారు కూడా మీ డబ్బాకు చుట్టమే అని మీ చేతితో మీరే వ్రాసినారు. నాకు మోకాళ్ళ నొప్పులు మొదలైంది ఇంటి మీదుగా విమానాలు పోవడం మొదలైనాకనే. ఇన్నేండ్లు వయసు అనుకున్నాను. విమానాల కాడ ఆ రాడారు గిన్నె దినమంతా తిరుగుకుంట నా తరంగం ఎంత గుంజుకున్నదో దేవునికే ఎరుక.

కాబట్టి నా తరంగానికి, మీ డబ్బా తరంగానికి తేడా ఏమిటో వివరంగా వ్రాసి, సంతకం పెట్టి పంపండి. కమిటీ ముందు పెడతాను.

ఇట్లు,
తరంగం గల మత్తయ్య

తా.క. గ్లాసు సంగతి మాట తప్పించినారు. భద్రంగా ఉండవలసింది మీ దగ్గర కాదు. దాని అడుగున ఏమీ వ్రాసి లేదు, చూసి సమయం పాడుచేసుకోవద్దు.

*

బడంగ్‌పేట్,
ఫిబ్రవరి 21.

మత్తయ్య గారికి నమస్కారం. ఈసారి క్షమాపణలు లేవు, తేడాలు మాత్రమే.

నా డబ్బా అల, రాడారు అల, వెలుగు అన్నీ విద్యుత్తూ అయస్కాంతమూ కలిసి పుట్టించే అలలు. వీటికి బరువు లేదు. పుట్టినచోటును విడిచి వెళ్ళిపోవడమే వీటి పని. రాడారు గిన్నెను ఆపేసినా, అప్పటికే బయలుదేరిన అల ఆగదు. దాన్ని ఒకరు పంపవచ్చు, ఇంకొకరు పట్టుకోవచ్చు. ఖాళీ ఆకాశంలో అన్నిటిదీ ఒకటే వేగం. సూర్యుడి దగ్గర నుంచి వచ్చినా, మీ పక్కింటి ఫోను నుంచి వచ్చినా ఒకటే.

మీది వేరు. ద్రవ్య తరంగం బరువున్న వస్తువుది, అది కదులుతున్నప్పటిది. అందులో కరెంటూ లేదు, అయస్కాంతమూ లేదు. దాన్ని ఎవరూ పంపలేరు, మీ దగ్గర నుంచి ఎవరూ గుంజుకోలేరు. మీరెక్కడుంటే అదీ అక్కడే. మీరు కుర్చీలోంచి లేస్తే మీతోనే లేచి వస్తుంది, వెచ్చదనంలా వెనక మిగలదు. కాబట్టి నా డబ్బా దొంగ కాదు. మీ మోకాళ్ళకు రాడారు కారణం కాదు, దయచేసి డాక్టరుకు చూపించుకోండి.

పైగా దానికి ఒకే వేగం, ఒకే పొడవు అని ఉండవు. వస్తువు బరువు పెరిగేకొద్దీ, నడక జోరు పెరిగేకొద్దీ అల పొట్టిదవుతుంది. అణువులో ఉండే ఎలక్ట్రాను బరువు ఎంతో తక్కువ కాబట్టి దాని అలను పరికరాలతో కొలవగలిగారు. మీరు మామూలుగా నడుస్తుంటే మీ అల ఎంత ఉంటుందో లెక్క కట్టాను. సున్నా పెట్టి, చుక్క పెట్టి, ముప్పై నాలుగు సున్నాలు పెట్టి, అప్పుడు ఒకటి వేయాలి. అన్ని మీటర్లు. లోకంలో ఏ డబ్బా కూడా దాన్ని పట్టుకోలేదు.

ఇట్లు,
రేవతి

తా.క. గ్లాసు పోస్టులో వేస్తే సొట్టలు పడుతుంది. బోరు వేసే రోజు నేనే తెస్తాను. సీతమ్మ గారిని అన్నం తినమనండి.

*

శంషాబాద్,
మార్చి 3.

రేవతి మేడంకు, మీరు ముప్పై నాలుగు సున్నాలు వేసిన మత్తయ్య వ్రాయునది.

సున్నాలను చింతగింజలు పెట్టి చూసుకున్నాను. వాకిలి ఈ కొస నుంచి ఆ కొస దాకా వచ్చినయి. ఆఖరుకు ఒక్క ఒకటి. డెబ్బై నాలుగేండ్ల మనిషికి మీరిచ్చిన మర్యాద బాగున్నది.

కాని మీరు దాచాలనుకున్న మాట నేను పట్టినాను. బరువు పెరిగితే అల పొట్టిదైతది, జోరు పెరిగితే పొట్టిదైతది. అంటే బరువు తగ్గి, నిదానంగా నడిస్తే పొడుగైతది! నలభై ఏండ్లు కడుపు నిండ తిని, గబగబ నడిచి, పొట్టి అలతోనే ఇన్ని బోర్లు చూసినాను. ఇగ పొడుగు అలతో ఎట్ల ఉంటదో చూపిద్దామని శుక్రవారం నుంచి అన్నం బంద్ చేసినాను. సీతమ్మ "శ్రమల దినాలు బుధవారం గదా మొదలు, ఇప్పుడే ఉపాసం ఏంది" అని అడిగింది. సంగతి చెప్పినాను. "అల పెరుగుడు కాదు, నీ పానం తరుగుతది" అని తలుపు దబ్బున వేసింది.

నిన్న ఆదివారం చెప్పులు, గడియారం, తాళంచెవులు అన్నీ తీసిపెట్టి, కాయ అరచేతిలో పెట్టుకొని చర్చి గేటు దగ్గర నిలబడినాను. అడుగు తీసి అడుగు వేయడానికి పావుగంట. కొంతసేపు అందరూ భక్తిగా చూసినారు. తరువాత ఒకాయన "తాతకు పచ్చవాతం కొట్టినట్టుంది" అన్నడు. నేను జవాబు చెప్పలేదు, మాట్లాడితే ఎక్కడ జోరు పెరుగుతదో అని. దవాఖానలో పని చేసే క్యాథరిన్ ఉరికి వచ్చి చెయ్యి పట్టి చూసి "తాతా, నాలుక బయటికి పెట్టు" అన్నది. నాలుక కూడా నిదానంగా పెట్టినాను. అదే కొంప ముంచింది. ఆమె అంబులెన్సుకు ఫోన్ చేసింది.

అది వచ్చేలోపల నేను పాయింటు దగ్గరికి చేరినాను. కాయ లేచి నిలబడింది! మీ సున్నం గుర్తు మీదనే. అందరూ చూసినారు. వెంటనే నన్ను స్ట్రెచర్ మీద పండబెట్టి ఉరికినారు. ఆ జోరుకు నా అల ఎంత పొట్టిదైందో మీరే లెక్క కట్టుకోండి. దవాఖానలో బీపీ బాగానే ఉందని చెప్పి, ఒక గ్లూకోజు సీసా ఎక్కించి పంపినారు.

కమిటీ నిర్ణయం అయిపోయింది. "డబ్బాదీ, తాతదీ ఒక్కటే మాట" అని ప్రేమ్ రాజ్ మైకులో చెప్పినాడు. పదిహేనో తారీకు శనివారం పొద్దున బోరు లారీ వస్తుంది. నా కుర్చీ ముందు వరుసలో వేస్తారట.

ఇట్లు,
మత్తయ్య

తా.క. పదిహేనో తారీకు దాకా ఆగవద్దు, గ్లాసు ముందే పంపండి. ఇంట్లో మాకున్నది ఆ ఒక్క గ్లాసే. చేతులతో నీళ్ళు తాగుతున్నాము.

*

బడంగ్‌పేట్,
మార్చి 6.

మత్తయ్య గారికి నమస్కారం.

మీరు దవాఖాన దాకా వెళ్ళారని చదివి భయపడ్డాను. మీరు అడుగుకు ఏడాది తీసుకున్నా ఆ అల ఎవరికీ అందదు. దయచేసి అన్నం తినండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆరోజు కొలతల కాగితాలన్నీ మళ్ళీ ముందేసుకొని చూశాను. తొందరపడ్డానేమోనని నాకు నామీదే అనుమానం కలుగుతోంది. ఆ గుర్తు దగ్గర భూమి ఇచ్చిన జవాబు మరీ గట్టిగా ఉంది. నీళ్ళు మెల్లగా మాట్లాడతాయి. ఇనుము అరుస్తుంది. మీ గ్లాసు పెట్టెలో ఉందని తెలియక మర్నాడు ఆఫీసులో మిషను ఆన్ చేస్తే అది అచ్చం ఇలాగే అరిచింది.

అక్కడ కింద పెద్ద ఇనుము ఏదో ఉంది. దానిమీద బోరు దింపితే బండను తొలిచే బిట్టు విరుగుతుంది, రాడ్లు లోపలే ఇరుక్కుంటాయి. రెండో బోరుకు చర్చికి శక్తి లేదని మీరే రాశారు. ప్రేమ్ రాజ్ గారికి ఫోన్ చేసి చెప్పాను. "తాత కాయ ఆడనే రెండుసార్లు లేచింది మేడం, ఇనుముకు కొబ్బరికాయ లేస్తదా?" అని నవ్వేశారు. నా డబ్బా కంటే మీ మాటకే అక్కడ బరువు ఎక్కువ.

కాలనీ రాకముందు ఆ చోట ఏముండేదో మీకు తెలిసే ఉంటుంది. ఏముండేది?

ఇట్లు,
రేవతి

*

శంషాబాద్,
మార్చి 8.

రేవతి మేడంకు.

ఏమీ ఉండేది కాదు. రాళ్ళు, తుమ్మ చెట్లు. ఇనుము ఎక్కడి నుంచి వస్తది, పోయే విమానం రాల్చిందా?

మీ సంగతి ఇప్పుడు తెలిసింది. ఇద్దరి పాయింటు ఒకటే అయితే పేరు నాకు వస్తుందని, మీ పాయింటు పక్కకు జరుపుకుంటున్నారు. జరుపుకోండి. నాది జరగదు.

మత్తయ్య

తా.క. ఈ ఉత్తరంలో గ్లాసు మాటే లేదు. ఎందుకు లేదు? తిప్పి చూసినారా?

*

బడంగ్‌పేట్,
మార్చి 11.

మత్తయ్య గారికి.

ఏమీ లేదని మీరంటే నేనింక అడగను. కమిటీ నా మాట వినలేదు కాబట్టి శనివారం లారీ గుర్తు మీదికే వస్తుంది. బాప్తిస్మపు తొట్టిలోకి కూడా ట్యాంకరు నీళ్ళే పోస్తున్నామని ప్రేమ్ రాజ్ గారు ఆ రోజు చెప్పారు. అది తలచుకుంటే నాకు మనసు బాగోలేదు.

నా డబ్బా అల భూమిలోకి వెళ్ళి "ఏదో ఉంది" అని మాత్రమే చెప్పగలదు. అది ఏమిటో, ఎప్పటిదో దానికి తెలియదు. అది అక్కడున్న మనిషి చెప్పాలి.

ఇట్లు,
రేవతి

తా.క. గ్లాసు తోమి, తుడిచి, బీరువాలో పెట్టాను.

*

శంషాబాద్,
మార్చి 13.

రేవతమ్మకు మత్తయ్య వ్రాయునది.

ఇది పోస్టులో వేస్తే శనివారం లోపల అందదు. బస్సెక్కి నేనే తెచ్చినాను. మీ వాచ్‌మన్ చందుకు ఇచ్చి పోతాను. మీ ఎదుట కూర్చొని నోటితో చెప్పే మాట కాదు.

అక్కడ బావి ఉన్నది. నేనే తవ్వినాను.

అప్పుడు ఆ జాగా ఒక పటేలుది. నేను, నా తమ్ముడు అనంతయ్య కూలికి దిగినాము. నలభై అడుగులు. ముప్పై ఎనిమిది దాకా ఒక్క చుక్క లేదు. పటేలు పైనుంచి "చాలు, పైకి రాండ్రి" అన్నడు. "ఇంక రెండు దినాలు ఆగు దొరా" అన్నాను. మర్నాడు తూర్పు పక్క బండ పగులులో గడ్డపార వేసినాను. ముందు కాళ్ళకు చల్లగా తగిలింది. తరువాత శబ్దం వచ్చింది. అనంతయ్య ఆ నీళ్ళల్ల కూర్చొని ఏడ్చినాడు. వాడు ఇప్పుడు లేడు.

పటేలు దానికి ఇంజను పెట్టి, గర్డర్లు వేసి, పైపులు దింపినాడు. తరువాత ప్లాట్లు చేసేటప్పుడు బుల్డోజరు వచ్చి ఇంజనుతో సహా బావిని పూడ్చింది. నేను గట్టు మీద నిలబడి చూసినాను. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరికీ తెల్వదు.

కాలనీలో మొదటి ఇల్లు కట్టినాయన బోరు ఎక్కడ వేయాలని అడిగితే చూపించబోయినాను. వాకిట్లో నిలబెట్టి మాట్లాడుతున్నాడు. "నేను ఇక్కడ బావులు తవ్విన కూలీని" అంటే వింటాడా? చేతిలో చట్నీకి తెచ్చిన కొబ్బరికాయ ఉన్నది. అరచేతిలో పండబెట్టి, నాలుగు అడుగులు వేసి, బొటనవేలితో లేపినాను. అంతే, లోపలికి ఉరికి కుర్చీ తెచ్చినాడు. బావి తవ్వినోన్ని గట్టు మీద నిలబెడతరు. నీళ్ళు చూసేటోనికి కుర్చీ వేస్తరు. ఆ దినం నుంచి నేను కుర్చీ దిగలేదు.

కాయ లేవదమ్మా. వేలు లేపుతది. ఈ కాలనీ కింద పాత కుంట కాలువ ఉన్నది, ఆరు బావులు ఉన్నాయి. అందులో నాలుగు నేను దిగినవే. నా తరంగం అదే.

ఊట వచ్చింది తూర్పు నుంచి. ఇంజను పడమటి పక్క పడ్డది. బావి మీదనే అని పాయింటు పెట్టినాను గాని, ఇనుము సంగతి నాకు తలపుకు రాలేదు. గుర్తుకు తూర్పుగా ఇరవై అడుగులు జరిపితే ఇనుము తగలదు, నీళ్ళు తప్పవు. నలభై ఏండ్ల పేరు మీ చేతిలో పెట్టినాను. ఇగ మీ ఇష్టం.

మత్తయ్య

తా.క. మీరు వ్రాసిన రెండు అలల తేడా బస్సులో సమజైంది. నీళ్ళ మత్తయ్య అనే పేరు మీ డబ్బా అల వంటిది. నన్ను విడిచిపెట్టి ఊరంతా తిరిగింది. ఆ బావి మాత్రం నేను లేస్తే నాతో లేచింది, నేను పండితే నాతో పండింది.

*

బడంగ్‌పేట్,
మార్చి 13, సాయంత్రం.

మత్తయ్య గారికి,

మీ ఉత్తరం చదవగానే మిషను తీసుకొని వచ్చి చూశాను. తూర్పుగా ఇరవై అడుగుల దగ్గర అరుపు లేదు. మెల్లగా మాట్లాడుతోంది. గుర్తు జరిపాను. కింద ఇనుము ఉన్నట్టు తేలిందని, చోటు తెలిసినవారు చెప్పారని ప్రేమ్ రాజ్ గారితో అన్నాను. ఎవరని అడిగారు. చెప్పలేదు. మీ పేరు మీ చేతిలోనే ఉంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. తిప్పి చూడవద్దని మీరు రాసిన ఉత్తరం అందిన రోజే గ్లాసు తిప్పి చూశాను. అడుగున చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. "జల పడిన దినము. బావి తవ్వినది మత్తయ్య. 1981." ఏ బావో అప్పుడు తెలియలేదు. ఇనుము సంగతి తేలాక తెలిసింది. కమిటీకి ఆ గ్లాసు చూపిస్తే ఒక్క నిమిషంలో పని అయ్యేది. కానీ అది నేను చెప్పవలసిన మాట అనిపించలేదు. శుక్రవారం రాత్రి దాకా చూసి, మీరు చెప్పకపోతే అప్పుడు చూపిద్దామనుకున్నాను.

ఇంకో సంగతి. ఆ గ్లాసు నేను తీసుకురాలేదు. టీ తాగి సీతమ్మ గారి చేతికే ఇచ్చాను. నాకు దొరికినప్పుడు అది ఎర్రపూల రవిక గుడ్డలో చుట్టి, ముడి వేసి ఉంది. ఆ గుడ్డతోనే ఆటో రాజుకు ఇచ్చి పంపుతున్నాను.

శనివారం నాకు కందుకూరులో పని ఉంది, రాలేను. ఏం జరిగిందో రాయండి. ఫోన్ వద్దు. కాగితం మీద ఉన్నది రేపు ఎవరూ కాదనలేరు.

ఇట్లు,
రేవతి

*

శంషాబాద్,
మార్చి 17.

బిడ్డ రేవతికి మత్తయ్య దీవెనలు. ఇక్కడ క్షేమం. అక్కడ నీ క్షేమం కోరుతున్నాను. ఈసారి నిజంగానే.

శనివారం లారీ వచ్చింది. ముందు వరుసలో నాకు కుర్చీ వేసినారు. "తాతా, పాయింటు జరిగింది గదా, ఒకసారి కాయ పట్టి చూడరాదు" అని ప్రేమ్ రాజ్ అడిగినాడు. "కాయ లేదు, చట్నీ అయిపోయింది" అన్నాను. తరువాత కుర్చీ ముందు నిలబడి "ఈడ బావి ఉండె. నేనే తవ్విన. కాయ ఎన్నడు లేవలే, నా వేలు లేపింది" అని చెప్పినాను. అంత గట్టిగా నేను ఆరాధనలో సాక్ష్యం కూడా ఎన్నడూ చెప్పలేదు.

విమానం ఒకటి మీద నుంచి పోయింది. అది దాటినాక ఒకాయన "మరి మా ఇంటి బోరు?" అన్నడు. "నీ వంటింటి కింద కాలువ పోతుండె" అన్నాను. "మాది?" అని ఇంకొకామె. "మీది మా తమ్ముడు దిగిన బావి." ఇగ వరుస కట్టినారు. నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేసినయి. ప్రేమ్ రాజ్ కుర్చీ నా వెనకకు జరిపి "కూసొని చెప్పు తాతా, మా జాగా కింద ఏముండె?" అన్నడు. కుర్చీ పోతదని నలభై ఏండ్లు భయపడ్డాను. అది ఎటూ పోలేదు.

పన్నెండు కాకముందే నీళ్ళు పడ్డయి. మొదటి బురద లేచి పాస్టరయ్య తెల్ల అంగీ మీద పడ్డది. అందరికంటే ముందు ఆయనకే మళ్ళీ బాప్తిస్మం అయింది.

గ్లాసు అందింది. రవిక గుడ్డను నేను గుర్తుపట్టినాను. ఇంట్లో డజను గ్లాసులుండగా, అటక మీద పాత పెట్టెలో దాచిన ఆ ఒక్క గ్లాసే మంగళవారం కిందికి ఎట్ల దిగింది, అందులోనే ఛాయ్ ఎట్ల పోసినారు, అది డబ్బాలోకి ఎట్ల నడిచింది అని సీతమ్మను అడిగినాను. ఆమె ఉల్లిగడ్డ కోసుకుంటనే చెప్పింది. "బావి తవ్వినోన్నే నేను చేసుకున్న. కొబ్బరికాయ పట్టేటోన్ని కాదు. ఆ సంగతి ఒక్కరన్న చదవాలె గదా అని పెట్టిన. చదువుకున్న పిల్ల లెక్క కనవడ్డది."

ఈ ఇంట్లో నా మీద రాడారు నలభై ఏండ్ల నుంచి తిరుగుతున్నదని నాకు తెల్వకపాయె.

ఇట్లు,
బావి మత్తయ్య

తా.క. నీవు ఎప్పుడు వచ్చినా ఛాయ్ ఆ గ్లాసులోనే. తిప్పి చూసుకోవచ్చు. నేను మళ్ళీ కడుపు నిండ అన్నం తింటున్నాను. నా పేరు కాడ ఇంకొక సున్నా వేసుకో.